రేవు లేని రేవుపట్టణం

కంప్యూటర్ మీద ఆడే వ్యూహ క్రీడల్లో ఒక రకం ఉంది. చదరంగంలోలాగా, మన పులిజూదంలోలాగా, వాటిలో వంతులవారీగా ఎత్తులు వేయాలి. పావులతో పాటు ఇక్కడ నగరాలు కూడా ఉంటాయి. 1991లో సిడ్ మైయర్ రూపొందించిన ‘సివిలైజేషన్’ ఈ తరహా ఆటల్లో బాగా పేరు పొందింది. ఆట మొదలయ్యేసరికి తెర దాదాపు నల్లగా ఉంటుంది. మన వలసదారులు నిలబడిన గడి, దాని చుట్టూ ఉన్న కొద్ది గడులు మాత్రం కనబడతాయి. మొదటి నగరం ఎక్కడ కట్టాలి? ఆటలో మొదటి ప్రశ్న ఇదే. చాలాసార్లు గెలుపోటములను తేల్చే ప్రశ్న కూడా ఇదే.

నగరం కట్టిన గడి చుట్టూ మరో ఇరవై గడులను ఆ నగరవాసులు సాగుచేసుకోవచ్చు. ఏటి ఒడ్డున కడితే పంట బాగా పండుతుంది. కొండమీద కడితే శత్రువును ఆపడం తేలిక. సముద్రం పక్కన కడితే చేపలూ దొరుకుతాయి, ఓడలూ కట్టుకోవచ్చు. ఒకసారి కట్టాక నగరాన్ని పక్క గడికి జరపడం కుదరదు. తర్వాత వచ్చిన కొత్త రూపాల్లో చదరపు గడులకు బదులు ఆరు భుజాల గడులు వచ్చాయి. 2016లో వచ్చిన ఆరో రూపంలో మంచినీళ్లున్న చోట కట్టిన నగరంలో ఎక్కువమంది నివసించగలరు. షడ్భుజాల సంగతి భూగోళశాస్త్ర విద్యార్థులకు కొత్త కాదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ క్రిస్టాలర్ 1933లోనే, సమతలమైన నేలమీద అంగడి పట్టణాలు ఏర్పడితే వాటి పరిధులు షడ్భుజాలుగా సర్దుకుంటాయని వాదించాడు.

ఈ ఆటల వెనక ఒక ఊహ దాగి ఉంది. ముందు ఖాళీ నేల ఉంటుంది, దాని మంచిచెడ్డలను లెక్కగట్టి మనం నగరాన్ని దింపుతాం. నిజమైన నగరాలకు చోటు ఇలాగే కుదిరిందా? ఈ ప్రశ్నను పరీక్షించడానికి పుదుచ్చేరి చక్కటి ఉదాహరణ. ఎందుకంటే ఇక్కడ చోటు ఎంపిక రెండువేల ఏళ్లలో ఒకటికంటే ఎక్కువసార్లు జరిగింది. ప్రతిసారీ లెక్క వేరు.

ఏటి వంపులో ఓడలు

పట్టణానికి దక్షిణాన సుమారు 4 కిలోమీటర్ల దూరంలో అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసేముందు ఒక వంపు తిరుగుతుంది. ఆ ఒడ్డున ఉన్న మెట్ట పేరు అరికమేడు. అక్కడ పాత ఇటుక కట్టడాల ఆనవాళ్లున్నాయని 18వ శతాబ్దంలోనే రాసిపెట్టినవాడు ఖగోళ శాస్త్రజ్ఞుడు గియోమ్ లె జాంతీ. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగే దృశ్యాన్ని పరిశీలించడానికి ఫ్రాన్స్ నుంచి పుదుచ్చేరికి బయలుదేరి, 1761లో ఊరు ఇంగ్లీషువారి చేతిలో ఉండటంతో దిగలేకపోయి, ఎనిమిదేళ్లు ఆగి, 1769లో తీరా సమయం వచ్చేసరికి మబ్బు పట్టి ఏమీ చూడలేకపోయిన దురదృష్టవంతుడు ఈయనే. ఆకాశం మొండిచేయి చూపించినా నేలమీద మాత్రం ఆయన చూడవలసినదే చూశాడు.

1945లో మార్టిమర్ వీలర్ అరికమేడులో తవ్వకాలు జరిపాడు. ద్రాక్షసారా తెచ్చిన రోమన్ జాడీల ముక్కలు, ఇటలీలోని అరెట్సో పట్టణపు ఎర్రటి మట్టిపాత్రల పెంకులు పొరల్లో దొరికాయి. ఆ పాత్రల కాలం ఐరోపాలో ముందే తెలుసు. కాబట్టి అవి దొరికిన పొర కాలం తెలిసింది. ఆ పొరలోనే దొరికిన స్థానిక పాత్రల కాలమూ తెలిసింది. దక్షిణ భారత పురావస్తుశాస్త్రానికి ఇది ఒక గడియారంలా ఉపయోగపడింది. తర్వాత 1947-50 మధ్య కజాల్, 1989-92 మధ్య విమలా బెగ్లీ జరిపిన తవ్వకాల వల్ల మరో సంగతి స్పష్టమైంది. రోమన్ సరుకులు రాకముందే అక్కడ ఊరు ఉంది. విదేశీయులు వచ్చి ఖాళీ గడిలో పట్నం కట్టలేదు, ఉన్న ఊరికి వచ్చి వర్తకం చేశారు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకంలోనూ, టోలెమీ భూగోళ గ్రంథంలోనూ కనబడే ‘పొదుకే’ రేవు ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం.

ఆట నియమాల ప్రకారం చూసినా అరికమేడుకు మంచి మార్కులే పడతాయి. ఏటి నీరు ఉంది. కెరటాల తాకిడి తగలని వంపు ఉంది. వెనక జనం ఉన్నారు. తవ్వకాల్లో బయటపడిన ఇటుక తొట్లు వస్త్రాలకు రంగులద్దడానికి వాడినవని వీలర్ భావించాడు. పూసల తయారీకి కూడా ఈ ఊరు ప్రసిద్ధి. కాని ఏటి ముఖద్వారం అన్నది నమ్మకంలేని నేస్తం. వరదకు ఒక ఒడ్డు కోసుకుపోతుంది, వేసవిలో ఇసుక మేట వేస్తుంది. పాత రోజుల ఓడకు చాలిన లోతు తర్వాతి కాలపు ఓడకు చాలదు. అరికమేడు రేవుగా వెనకబడటానికి సముద్ర వర్తకం దారి మళ్లడం వంటి కారణాలు కూడా ఉన్నాయి. ఏది ఏమైనా, 17వ శతాబ్దంలో ఫ్రెంచివారు వచ్చేసరికి ఆ పేరుగల రేవు ఎవరికీ గుర్తులేదు.

నిండిపోయిన పటం

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1664లో ఏర్పడింది. తూర్పు తీరంలో వారి మొదటి వర్తక స్థావరం మన మచిలీపట్నం. గోల్కొండ సుల్తాను అనుమతితో 1669లో దాన్ని తెరిచారు. అప్పటికి కోరమాండల్ తీరంలో మంచి గడులన్నీ ఇతరులు ఆక్రమించేశారు. పులికాట్, నాగపట్నం డచ్చివారివి. తరంగంబాడి డేన్‌లది. చెన్నపట్నం ఇంగ్లీషువారిది. ఫ్రెంచివారు 1672లో శాంథోమ్‌ను బలవంతంగా పట్టుకున్నారు కాని, 1674లో గోల్కొండ సేనలు, డచ్చివారు కలిసి వారిని వెళ్లగొట్టారు.

ఈ మధ్యలో వారికి ఒక ఆహ్వానం వచ్చింది. బీజాపూరు సుల్తాను తరపున వలికొండపురం నుంచి ఆ ప్రాంతాన్ని ఏలుతున్న షేర్ ఖాన్ లోడీ, తన పరిధిలో ఉన్న తీరగ్రామంలో స్థలం ఇస్తానన్నాడు. డచ్చివారికి పోటీగా మరొకరు ఉండటం ఆయనకు లాభం. 1673 మొదట్లో బెలాంజే ద లెస్పినే అనే యువ అధికారి పుదుచ్చేరి చేరుకున్నాడు. తర్వాత ఫ్రాన్స్వా మార్టిన్ వచ్చి ఆ చిన్న స్థావరాన్ని పట్టణంగా పెంచాడు. అంటే పుదుచ్చేరి ఎంపికలో నేల స్వభావం పాత్ర తక్కువ. ఖాళీగా మిగిలిన గడి అది. పైగా గడి యజమాని రమ్మన్నాడు.

ఓడరేవుగా చూస్తే ఆ చోటు ఏమంత గొప్పది కాదు. తిన్నటి ఇసుక తీరం. అఖాతం లేదు, అడ్డు దీవి లేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేయాలి. సరుకూ మనుషులూ ఒడ్డు చేరాలంటే విరిగే కెరటాల మీదుగా మసూలా పడవల్లో రావాలి. ఈ పడవల చెక్కలకు మేకులుండవు, కొబ్బరి తాళ్లతో కుట్టి ఉంటాయి. కెరటం కొట్టినప్పుడు పడవ వంగి లొంగుతుంది కాబట్టి పగలదు. ఐరోపా పడవ అదే దెబ్బకు చీలిపోయేది. ఆటలో సముద్రం పక్క గడి అంటే అన్నీ ఒకటే, ఎక్కడ కట్టినా ఓడలు దిగుతాయి. అసలు తీరంలో ఈ పడవలూ, వాటిని నడిపే బెస్తవారూ లేకుండా ఒక్క మూట కూడా దిగేది కాదు.

మరి రేవు లేని చోట రేవుపట్టణం ఎందుకు నిలిచింది? దీనికి జవాబు పక్క ఊళ్ల చరిత్రలో దొరుకుతుంది. ఇంగ్లీషువారు 1626లో నెల్లూరు తీరాన దుర్గరాజపట్నంలో స్థావరం పెట్టారు. అక్కడ సముద్రంలో ఉన్న ఇసుకదిబ్బ చాటున ఓడలకు ఈ తీరంలో అరుదైన రక్షణ ఉంది. అయినా వారు దాన్ని వదిలి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇస్తానన్న మరో స్థలానికి వెళ్లారు. ఆ స్థలమే చెన్నపట్నం. అక్కడ రక్షణ ఏమీ లేదు, కెరటాలు పుదుచ్చేరిలోలాగే విరుచుకుపడతాయి. కాని అక్కడ బట్ట చవక. ఓడకు మంచి చోటా, గుడ్డకు మంచి చోటా అన్న ప్రశ్న వచ్చినప్పుడు వర్తకులు గుడ్డవైపే మొగ్గారు. (దుర్గరాజపట్నం రేవు మాట మళ్లీ 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో వచ్చింది. మంచి గడి అని నాలుగు వందల ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాం!)

పుదుచ్చేరి లెక్క కూడా ఇదే. దాని చుట్టుపక్కల నేతగాళ్ల పల్లెలున్నాయి. నీలిమందు ఉంది. ఆ నీలి వస్త్రాలు తర్వాతి కాలంలో ఆఫ్రికాలోని సెనెగల్ దాకా వెళ్లాయి. బట్ట నేసేవాడు, రంగు వేసేవాడు, వారికి ముందుగా బయానా ఇచ్చే వర్తకుడు, కంపెనీ తరపున బేరం మాట్లాడే దుబాసీ. ఈ గొలుసు ఉన్నచోట నగరం నిలుస్తుంది. ఆనందరంగ పిళ్లె తండ్రి తిరువేంగడం పిళ్లె మద్రాసులో వ్యాపారం చేసుకుంటూ ఉండగా పిలిపించుకుని పుదుచ్చేరిలో స్థిరపడేలా చేశారు. కొడుకు డూప్లే గవర్నరు కాలంలో ప్రధాన దుబాసీ అయ్యాడు. 1736 నుంచి ఆయన రాసుకున్న దినచర్యలో కోమటి వర్తకుల ప్రస్తావన పదేపదే వస్తుంది. తెలుగులో కస్తూరి రంగకవి రాసిన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ ఈ పిళ్లె పేరు మీదనే వెలసింది.

శత్రువు గీసిన వీధులు

ఈనాడు పుదుచ్చేరి వెళ్లినవారు తిన్నటి వీధులు, లంబకోణంలో కలిసే కూడళ్లు చూసి ఫ్రెంచివారి క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. నిజానికి ఈ గళ్లనుడికట్టు లాంటి ప్రణాళిక డచ్చివారిది. 1693లో వారు ఊరిని పట్టుకున్నారు. మరుసటి ఏడే నేతగాళ్లకు, ఇతర వృత్తులవారికి వేర్వేరు వీధులు కేటాయిస్తూ పటం గీశారు. వారు కూడా ముందు చూసుకున్నది నేతగాళ్లనే అన్నది గమనించాలి. 1697 రిస్విక్ సంధి ప్రకారం ఊరు ఫ్రెంచివారికి దక్కింది. 1699లో తిరిగి అప్పగిస్తూ, తాము కట్టినవాటికి డచ్చివారు డబ్బు కట్టించుకున్నారు. మార్టిన్ వచ్చి ఆ గీతల మీదనే ఊరిని పెంచాడు, అయిదు మూలల సెయింట్ లూయీ కోట కట్టించాడు.

నేల ఆకారం కూడా ఈ ప్రణాళికలో ఉంది. సముద్రం పక్కన ఇసుక దిబ్బ, దాని వెనక పల్లం, ఆ పైన మళ్లీ మెరక. పల్లంలోని నీటిపాయ పెద్ద కాలువ అయింది. దానికి తూర్పున దిబ్బమీద తెల్లవారు, పడమట స్థానికులు. ఏటి పల్లం ఒకటి మనుషుల మధ్య గోడగా ఎలా మారుతుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన పటం అక్కర్లేదు.

కోట బలం ఎంతో 1760-61లో తేలింది. ఐర్ కూట్ నాయకత్వంలో ఇంగ్లీషువారు నేలమీదా సముద్రం మీదా ఊరిని దిగ్బంధించారు. 1761 జనవరి 1న వచ్చిన తుఫాను తీరం దగ్గర లంగరు వేసిన ఇంగ్లీషు నౌకాదళాన్ని చీల్చి చెండాడింది. కొన్ని ఓడలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ‘డ్యూక్ దాక్విటేన్’, ‘సండర్లాండ్’ వంటివి దాదాపు అందరితో సహా మునిగిపోయాయి. రేవు లేని తీరం ఆ ఒక్క రాత్రి ఫ్రెంచివారి పక్షాన పోరాడిందనవచ్చు. కాని ఆహారంతో వారి ఓడ ఒక్కటీ రాలేదు. కొద్ది రోజుల్లోనే ఇంగ్లీషువారు మిగిలిన ఓడలను కూడగట్టుకున్నారు. జనవరి 12న ఆనందరంగ పిళ్లె కన్నుమూశాడు. 16న ఊరు లొంగిపోయింది. గెలిచినవారు కోటనూ ఊరినీ కూలగొట్టారు. లె జాంతీ 1769లో పరిశీలనశాల కట్టుకున్నది ఆ శిథిలాల మీదనే.

ఆటలో ఇలా నేలమట్టమైన నగరం పటం మీద నుంచి మాయమవుతుంది. ఆ గడి మళ్లీ ఖాళీ. ఇక్కడ అలా జరగలేదు. 1763 సంధితో ఊరు తిరిగి చేతికి రాగానే, 1765 నుంచి లా ద లారిస్తాన్ ఆధ్వర్యంలో పాత వీధుల గీతల మీదనే ఊరిని మళ్లీ కట్టారు. అంతకంటే మంచి రేవు కోసం తీరమంతా వెదకడానికి అదే అవకాశం. వారు వెదకలేదు. ఇళ్లు కూలినా వీధి ఎవరిదో, దొడ్డి ఎంతవరకో, బావి ఎక్కడో జనానికి గుర్తుంది. వెనకాల పల్లెల్లో మగ్గాలున్నాయి. నగరంలో కూల్చడానికి వీలుకాని భాగం ఇదేనని నాకనిపిస్తుంది. కోట గోడల చోట వేసిన విశాలమైన వీధులు ఈనాటికీ పాత ఊరికి కోడిగుడ్డు ఆకారాన్ని ఇస్తున్నాయి.

నీళ్లు తర్వాత వచ్చాయి

ఆటలో మంచినీళ్లు చూసుకునే నగరం కడతాం. పుదుచ్చేరిలో ఈ వరస తారుమారైంది. దిబ్బమీది బావుల్లో నీరు కొద్దిపాటి, రుచీ అంతంతమాత్రం. పడమటి ముత్తరయర్‌పాళయం ఊటల నీటిని పట్టణానికి తెచ్చే పని 19వ శతాబ్దంలో, మూడో నెపోలియన్ కాలంలో గాని పూర్తి కాలేదు. దానికి గుర్తుగా కట్టినదే భారతి పార్కులోని ఆయి మండపం. ఆయి ఎవరన్నదానికి ఒక కథ చెబుతారు. కృష్ణదేవరాయలు ఆ దారిన వెళుతూ దీపాలతో వెలిగిపోతున్న ఒక ఇంటిని గుడి అనుకుని మొక్కాడట. అది వేశ్య ఇల్లని తెలిసి కోపంతో కూల్చమన్నాడట. ఆయి అనే ఆ స్త్రీ తన ఇంటిని తానే కూల్చి, ఆ చోట చెరువు తవ్వించిందట. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, ఊరి జ్ఞాపకంలో కోట కట్టినవారి కంటే చెరువు తవ్వించిన మనిషికి ఎత్తయిన మండపం దక్కింది.

ఊట అక్కడే ఎందుకు పుట్టింది? పట్టణానికి పడమట, వాయవ్యాన గోరిమేడు పరిసరాల్లో ఎర్రటి మెట్టలున్నాయి. అవి కడలూరు ఇసుకరాయి అనే రాతి పొరలు. వాన నీరు వాటిలోకి ఇంకుతుంది. ఆ పొరలు సముద్రంవైపు ఏటవాలుగా దిగుతాయి, మధ్యమధ్య నీరు చొరని బంకమట్టి పొరలు మూతలా ఉంటాయి. అందువల్ల కింద చిక్కిన నీరు పైనున్న నీటి బరువుకు ఒత్తిడిలో ఉంటుంది. మూతకు బెజ్జం పెడితే నీరు తనంతట తానే పైకి చిమ్ముతుంది. 1870ల చివర్లో పుదుచ్చేరిలో తవ్విన గొట్టపు బావుల్లో ఇదే జరిగింది. అది విని, మద్రాసులో కూడా ఇలాంటివి దొరుకుతాయేమోనని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1880లో నివేదిక రాశాడు. అంటే రెండు వందల ఏళ్లు నీటి కొరతతో గడిపిన ఊరి కిందనే గొప్ప జలాశయం ఉంది. 1673లో ఎవరికీ ఆ గడి విలువ తెలియదు. ఇప్పుడు ఎక్కువ తోడేస్తున్నందువల్ల తీరం దగ్గర ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తోంది. గడి విలువ మారుతూనే ఉంది.

మంచి గడికి పట్టిన గతి

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న మన యానాం సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. 1723లో ఫ్రెంచివారు గోదావరి పాయ మీద ఇక్కడ స్థావరం పెట్టారు. దగ్గరలోని కోరంగి ఈ తీరంలోకెల్లా చక్కటి ఆశ్రయం గల రేవు. అఖాతం చాటున ఓడలు నిలిచేవి, అక్కడే కట్టేవారు, మరమ్మతు చేసేవారు. ఆటలో అయితే కళ్లు మూసుకుని ఎంచుకునే గడి. కాని లోతు తక్కువ సముద్రం, పల్లపు డెల్టా, తుఫాను దారి ఈ మూడూ కలిస్తే ఉప్పెన ఎత్తు పెరుగుతుంది. 1789 డిసెంబరులోనూ, 1839 నవంబరులోనూ ఉప్పెనలు కోరంగిని ముంచెత్తాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి తుఫానుల వివరాలు పోగుచేసి 1848లో ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించాడు. గోదావరి తెచ్చిన ఒండ్రు కూడా తోడై, రేవు వైభవం కాకినాడకు మళ్లింది. ఇప్పటి కోరంగి ఒక గ్రామం, మడ అడవులకు పేరు. దానికంటే తక్కువ మార్కులు పడే పుదుచ్చేరి మహానగరం కాకపోయినా నిలిచే ఉంది.

ఇసుక బాకీ

రేవు లేని లోటును పూడ్చాలని పుదుచ్చేరి ఎన్నో ప్రయత్నాలు చేసింది. 1866లో కట్టిన ఇనుప వంతెన రేవు సముద్రంలోకి చొచ్చుకుని ఉండేది. 1952 తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. 1954 నవంబరు 1న ఊరు భారతదేశం చేతికి వచ్చాక మరో చోట కొత్తది కట్టారు. 2022 మార్చిలో అలల పోటుకు దానిలోనూ ఒక భాగం కూలింది.

అసలు చిక్కు మరోటి. 1980ల చివర్లో అరియాంకుప్పం ఏటి ముఖద్వారం దగ్గర రాతి కట్టలు వేసి నిజమైన రేవు కట్టారు. అంటే దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల తర్వాత రేవు మళ్లీ అరికమేడు ఏటికే వచ్చింది. ఈ తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఆగ్నేయం నుంచి ఏటవాలుగా తగులుతాయి. అవి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత ఇసుక వెనక్కి వస్తుంది. మొత్తం మీద మాత్రం ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికే ప్రయాణం చేస్తుంది. ఆ ప్రవాహానికి రాతి కట్టలు అడ్డుపడ్డాయి. కట్టకు దక్షిణాన ఇసుక మేట వేసింది. ఉత్తరాన, సరిగ్గా పట్టణం ముందు, కెరటాలు ఇసుకను తీసుకుపోవడమే గాని ఇవ్వడం లేకపోయింది. కొన్నేళ్లలో ప్రసిద్ధమైన ఆ ఇసుక తీరం మాయమై దాని చోట బండరాళ్ల గుట్టలు వచ్చాయి. ఆ రాళ్లు ఉన్నచోట ఊరిని కాపాడాయి కాని కోత ఇంకా ఉత్తరాన ఉన్న బెస్తపల్లెల మీద పడింది. మద్రాసు రేవు కట్టినప్పుడు మెరీనా తీరం పెరిగి రాయపురం కోతకు గురైనది కూడా ఇలాగే.

దీనికి మందుగా జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో సచివాలయం ఎదురుగా సముద్రంలో త్రికోణాకారపు ఉక్కు దిబ్బను ముంచిపెట్టింది. అలల బలం దానిమీద తగ్గి, వెనకవైపు ఇసుక నిలవడం మొదలైంది. మూడు దశాబ్దాల తర్వాత అక్కడి జనం మళ్లీ ఇసుకలో నడిచారు. రేవు ముఖద్వారంలో తవ్వితీసే ఇసుకను ఉత్తర తీరానికి చేర్చడం ఈ వైద్యంలో రెండో సగం. ఆ పని ఏటా చేయవలసిందే.